ఎరువీయరాని సొత్తు

వస్తువు చేతులు మారు తీరులకు తెలుగున వేర్వేరు మాటలు గలవు. వెల పుచ్చుకొని శాశ్వతముగా నిచ్చినచో అమ్మకము. వెల లేక ఇచ్చినచో దానము. ధనమో ధాన్యమో ఇచ్చి అంతకు అంత మరల పుచ్చుకొన్నచో అప్పు. ఇన్నాళ్ళకు ఇంత యని రుసుము కట్టి వాడుకొననిచ్చినచో అద్దె. ప్రతిఫల మేమియు కోరక, ఆ వస్తువునే మరల తెచ్చి యిమ్మని చెప్పి పొరుగువాని చేతిలో పెట్టినచో ఎరువు. పెండ్లికి కాసులపేరు ఎరువు తెచ్చుకొన్న ఇల్లాలికిని, కొలతపాత్ర ఎరువిచ్చిన రైతునకును ఈ భేదములు తెలియును. ఎరువుల సొమ్ము బరువుల చేటు అను సామెత తెచ్చుకొన్నవానికి హెచ్చరికయే గాని, ఇచ్చువానికి నిషేధము గాదు. తన వస్తువును తాను ఎరువిచ్చుటకు దానిని చేసిన కంసాలి సెలవు కావలెనని మన పెద్దలెన్నడును తలచి యెరుగరు.

అట్టి సెలవు కావలెనను వాదము వీడియో గేముల విషయమున బయలుదేరి, పది పండ్రెండేండ్లలో చాలవరకు నెగ్గినది. సాహిత్య సంస్కృతులకు ఉద్దేశించిన ఈ సంచికలో పిల్లల ఆటల ముచ్చట యేల యని పెద్దలడుగవచ్చును. ఆటల గుణదోషములు మా యెదుట లేవు. ఒక వస్తువును అమ్మి, ఎరువునకు మాత్రము అడ్డుపడు నిబంధన నేడు ఆటకు వచ్చినది. రేపు పుస్తకమునకును వచ్చును, కొంత వచ్చియే యున్నది. కన్నడ సీమలో తరముల తరబడి కాపురమున్న మనకు తెలుగు నిలిచినది కొనుగోలు పుస్తకములచేత గాదు, ఎరువు పుస్తకములచేత. కనుక ఈ నిబంధనలను ఒక గ్రంథమును విమర్శించినట్లు చదివి చూడవలెనని మా తలంపు. ఉద్యోగకాలమంతయు నియమావళులను, వాని సవరణలను ప్రతి వ్రాయుటలో గడపిన గుమాస్తాలము గనుక ఆ యలవాటు మాకు కొంత యున్నది.

ముందుగా వస్తువేదో చెప్పుట మంచిది. టెలివిజనునకు తగిలించి ఆడుకొను యంత్రమును కన్సోలందురు. దానికి ఆటలు చిరకాలము ప్లాస్టిక్ బిళ్ళలమీదను, పిమ్మట డిస్కులమీదను వచ్చెడివి. ఆట ముగిసిన పిల్లవాడు డిస్కును స్నేహితునికిచ్చి అతని డిస్కును తాను తెచ్చుకొనును. ఇరువురును విసిగిన పిమ్మట దుకాణమున సగము వెలకో మూడవ వంతునకో అమ్మి, ఆ సొమ్ము కలిపి క్రొత్తది కొనును. క్రొత్త ఆట యొక్కటి మన దేశమున నేడు నాలుగైదువేల రూపాయలు పలుకుచున్నది. ఒక్క ఆటకు అంత పెట్టలేని ఇంటి పిల్లవాడు ఈ ఎరువు మీదను, ఈ మారుబేరము మీదను ఆధారపడియే ఆ విద్య నేర్చినాడు.

2013 సంవత్సరము మే 21వ తేదీన మైక్రోసాఫ్ట్ కంపెనీ అమెరికాలో ఎక్స్‌బాక్స్ వన్ అను క్రొత్త యంత్రమును ప్రకటించినది. జూన్ 6వ తేదీన దాని ఆటల లైసెన్సు నియమములను వెలువరించినది. మేము విమర్శింపదలచిన ముఖ్య గ్రంథ మిదియే. దీని సారము చెప్పెదము. డిస్కు కొన్నను ఆట యంత్రములోనికి ఎక్కించుకొన్న పిమ్మట డిస్కుతో పనిలేదు. యజమాని పేర కంపెనీ లెక్కలో నమోదైన హక్కుతోనే పని. ఆ హక్కు నిలుచుటకు యంత్రము 24 గంటలకొకసారి ఇంటర్నెట్టు ద్వారా కంపెనీకి హాజరు చెప్పుకొనవలెను. ఇతరుల యింట ఇతరుల యంత్రముపై తన ఆట ఆడుకొనునపుడు గంటకొకసారి. పాత ఆటను అమ్మదలచినచో, ఆట ప్రచురణకర్త అనుమతించిన యెడల, ఒప్పందమున చేరిన దుకాణములలో మాత్రమే అమ్మవలెను. స్నేహితునికి ఇచ్చివేయదలచినచో, అదియును ప్రచురణకర్త అనుమతించిన యెడల, ఆ స్నేహితుడు యజమాని స్నేహితుల పట్టికలో కనీసము 30 దినములనుండి యుండవలెను. ఒక ఆటను ఒక్క పర్యాయమే అట్లు ఇయ్యవచ్చును. ఇక ఎరువు, అద్దె మొదట దొరకవు. ముందు ముందు చూతమని మాట.

ఈ నియమావళి రచనయందలి మొదటి దోషము కర్తృపదము మారుట. ప్రతి వాక్యమునందును కొన్నవాడు అనుమతి పొందువాడే గాని అనుమతించువాడు గాడు. ప్రచురణకర్త సౌకర్యము కల్పించునట, కంపెనీ ఏర్పాటు చేయునట, కొన్నవాడు ఉపయోగించుకొనునట. అద్దె యింటి ఒడంబడికలో ఇట్టి వాక్యములుండుట సహజము. అమ్మకపు దస్తావేజులో వీనికి తావు లేదు. పొలము అమ్మినవాడు, ఇందు జొన్న వేయవచ్చును, వరి వేయదలచినచో నన్నడుగుము అని వ్రాసికొన్నచో, అది క్రయము గాదు, కౌలు.

రెండవ దోషము స్నేహమునకు ముప్పది దినముల గడువు పెట్టుట. దీని ఉద్దేశము మాకు దురూహ్యము గాదు. అపరిచితులు స్నేహితుల వేసమున అమ్మకములు సాగింతురని కంపెనీ భయము. కాని ఎరువు స్వభావమే వేరు. ఎరువు పుచ్చుకొనుటతోడనే స్నేహము మొదలగుట లోకమున కద్దు. క్రొత్తగా ఎదురింట దిగిన కుటుంబము మొదటి నాడే నిచ్చెనయో, జల్లెడయో అడిగి తీసికొనును; పరిచయము దానివెంట వచ్చును. కొత్త బడిలో చేరిన పిల్లవాడు పుస్తకమో ఆటయో ఎరువు తెచ్చుకొనియే తోటివారిలో కలియును. ముప్పది దినములు ఆగిన పిమ్మట ఇచ్చునది స్నేహమునకు బహుమతి యగునేమో గాని, స్నేహమునకు దారి కాజాలదు.

ఈ నియమములన్నిటిని కంపెనీ ప్రజాహితము నెంచక చేసినదనుట న్యాయము గాదు. అందొక మేలైన అంశము గూడ నుండెను. కుటుంబమునందలి పదిమంది వరకు ఒకరి ఆటలను మరియొకరు దూరమునుండియే తీసికొని ఆడుకొనవచ్చునని వారు వ్రాసిరి. ఊరూర చెదరిన కుటుంబములకు అది డిస్కుకంటె సులభమైన సాధనము. విమర్శకులు చాలమంది దీనిని గమనింపక పోయిరి. కాని మంచి వసతి నిచ్చి, బదులుగా సహజమైన హక్కును పుచ్చుకొనుట బేరమున చెల్లునేమో. ఆ పుచ్చుకొన్న సంగతి కొన్నవానికి స్పష్టముగా చెప్పవలెను, వెలయందును తగ్గింపవలెను. ఆ రెండును జరుగలేదు. యంత్రము వెల 499 డాలర్లు. ఆటల వెలలు తగ్గునన్న మాట నియమావళిలో లేదు.

నాలుగు దినములకు, జూన్ 10వ తేదీన, సోనీ కంపెనీ తన ప్లేస్టేషన్ 4 యంత్రము వెల 399 డాలర్లనియు, పాత ఆటలను కొన్నవారు అమ్ముకొనవచ్చును, ఎరువియ్యవచ్చును, శాశ్వతముగా నుంచుకొనవచ్చుననియు సభలో ప్రకటించినది. సభాసదులు చేసిన హర్షధ్వానములు ఆ కాలపు చలనచిత్రములలో నేటికిని వినవచ్చును. దానితోపాటు అర నిమిషమైనను లేని చిన్న చిత్రమొకటి వెలువరించినది. పాత ఆటను పంచుకొను విధానమని శీర్షిక. ఆ కంపెనీ అధికారులు షుహే యోషిడా, ఆడమ్ బాయిస్ అనువారిరువురు నిలుచుందురు. ఒకరు పెట్టెను మరియొకరి చేతికందింతురు. అందుకొన్నవారు కృతజ్ఞత చెప్పుదురు. అంతతో కథ ముగిసినది. పేజీల కొలది నియమములపై ఇంతకంటె సూటియైన విమర్శను మేము చూడలేదు. ఎరువునకు ఇచ్చు చేయియు, పుచ్చుకొను చేయియు చాలునని అది చూపినది.

కొన్నవారి యాగ్రహము పెచ్చు పెరిగినది. ఇంటర్నెట్టు లేనివారి మాటేమని యడుగగా, అట్టివారికి ఎక్స్‌బాక్స్ 360 కలదని, అనగా పాత యంత్రము కలదని, మైక్రోసాఫ్ట్ ఆటల విభాగపు అధిపతి డాన్ మాట్రిక్ సెలవిచ్చుట యింకను చెడ్డది. జూన్ 19వ తేదీన ఆయనయే నియమములను ఉపసంహరించినట్లు ప్రకటించెను. హాజరు లేదు, పట్టిక లేదు, ముప్పది దినములు లేవు. డిస్కు పూర్వమువలె ఎరువు పోవచ్చును. పదిమంది కుటుంబపు వసతియు వానితోపాటే పోయినది. ప్రకటించిన పదునాలుగవ నాటికి ఒక నియమావళి రద్దగుట మా ఉద్యోగకాలమున మేమెరుగము.

ప్రజ గెలిచినదని అప్పుడందరును వ్రాసిరి. ఇది తొందరపాటు తీర్పని మా యభిప్రాయము. 2020లో సోనీ తన ప్లేస్టేషన్ 5 యంత్రమును రెండు తీరుల నమ్మినది; అందొకదానికి డిస్కు పెట్టు అరయే లేదు. మైక్రోసాఫ్ట్ ఆ యేడే విడుదల చేసిన సిరీస్ ఎస్ యంత్రమునకును లేదు. డిస్కు అర లేని యంత్రమునకు ఎరువు నిషేధము వ్రాయనక్కరలేదు. ఆటను కంపెనీ దుకాణమునుండియే దింపుకొనవలెను, అది కొన్నవాని ఖాతాకు అంటుకొని యుండును, ఖాతాను ఇతరులకియ్యరాదు. 2013లో నియమము మాటలలో నున్నది గనుక చదివినవారు తిరుగబడిరి. 2020లో అది యంత్రపు ఆకారముననే యిమిడినది గనుక, ఇరువదియో ముప్పదియో డాలర్లు గాదు, నూరు డాలర్లు చవుకయని కొనిరి. 2020లో ప్లేస్టేషన్ 5 యంత్రములలో డిస్కు అర గలది 499 డాలర్లు, లేనిది 399 డాలర్లుగా నుండెను.

మా బంధువుల యింట జరిగిన చిన్న సంగతి చెప్పెదము. పండుగకు పిల్లవానికొక ఆట పెట్టె కొనిపెట్టిరి. పెట్టె పెద్దది, బొమ్మ సొగసైనది. తెరచి చూడగా డిస్కు లేదు. అంకెలు అక్షరములు గల కాగితపు ముక్క మాత్రమున్నది. దానిని కంప్యూటరున నమోదు చేసిన పిమ్మట ఆట వచ్చినది. సెలవులలో పెత్తల్లి కొడుకు వచ్చి ఆ ఆటను ఊరికి తీసికొనిపోవుదునని యడిగెను. పిల్లవాడు పెట్టె నిచ్చెను. అతడు ఇంటికి పోయి ఆ కాగితమునే మరల కొట్టగా, అది వాడబడినదని వచ్చెను. తమ్ముడు కావలెననియే పనికిరాని పెట్టె నిచ్చెనని అతడలిగి, మరు సెలవులకు రాలేదు. దుకాణదారుని తప్పు గాదు. పెట్టెపై ఏదో చిన్న యక్షరములలో వ్రాసియే యున్నది. పిల్లల తప్పును గాదు. పెట్టెలో వస్తువుండుననియు, వస్తువును ఇయ్యవచ్చుననియు వారు నమ్మిరి. ఆ నమ్మకమునే మనము వారికి నేర్పితిమి.

న్యాయస్థానములీ విషయమున ఏమన్నవో కొంత చూతము. అమెరికాలో నిది పాత పేచీ. ఒక నవల లోపల, దీనిని డాలరుకు తక్కువ వెలకు అమ్మువాడు హక్కు భంగము చేసినవాడగునని ప్రచురణకర్తలచ్చు వేయించిరి. మేసీ దుకాణమువారు 89 సెంట్లకు అమ్మిరి. 1908లో ఆ దేశపు సుప్రీముకోర్టు, ఒకసారి అమ్మిన ప్రతిపై తరువాతి వెలను శాసించు హక్కు ప్రచురణకర్తకు లేదని తీర్పు చెప్పినది. 2010లో అక్కడి యొక అప్పీలు కోర్టు వేరొక దారి త్రొక్కి, కంప్యూటరు ప్రోగ్రామును కంపెనీ అమ్మక లైసెన్సు మాత్రమే ఇచ్చితినని తగు షరతులు వ్రాసికొన్నచో, పుచ్చుకొన్నవాడు దానిని తిరిగి అమ్మజాలడన్నది. ఈ రెండు తీర్పుల నడుమ మారినది వస్తువు కంటె దస్తావేజు పేరు.

జపానులో ఆట చలనచిత్రము వంటిది గనుక పాత ప్రతుల అమ్మకముపై తమకు హక్కున్నదని కంపెనీలు వాదించినవి. 2002 ఏప్రిల్ 25న అక్కడి సుప్రీముకోర్టు, ఆట చలనచిత్రము వంటిదే యని ఒప్పుకొని, అయినను ఇంట నాడుకొనుటకు ఒకసారి అమ్మిన ప్రతిపై ఆ హక్కు తీరిపోవునన్నది. 2012 జూలై 3న ఐరోపా న్యాయస్థానము, కాలపరిమితి లేక వెలకిచ్చిన ప్రోగ్రామును, ఇంటర్నెట్టునుండి దింపుకొన్నదైనను, తన ప్రతిని నిరుపయోగము చేసి తిరిగి అమ్ముకొనవచ్చునన్నది. దానిని పట్టుకొని ఫ్రాన్సు వినియోగదారుల సంఘమొకటి, స్టీము అను ఆటల దుకాణము నడపు వాల్వ్ కంపెనీపై దావా వేసి 2019 సెప్టెంబరు 17న పారిసు కోర్టులో గెలిచినది. 2022 అక్టోబరు 21న పారిసు అప్పీలు కోర్టు ఆ తీర్పును త్రోసివేసినది. ఆట ఒట్టి ప్రోగ్రాము గాదు, అందు చిత్రము, సంగీతము, కథ కలిసియున్నవి గనుక ప్రోగ్రామునకు చెప్పిన న్యాయము దీనికి చెల్లదని ఆ కోర్టు తర్కము.

ఈ తర్కము మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది. లెక్కలు కట్టు ప్రోగ్రామైనచో తిరిగి అమ్మవచ్చును. కథయు సంగీతమును చేరి కళయైనచో అమ్మరాదు. జపాను కోర్టును ఆటను కళగానే యెంచినది, కాని ఆ కారణమున కొన్నవాని చేతులు కట్టలేదు. అక్కడ వస్తువు చేతికి వచ్చునది, ఇక్కడ రానిది, భేదము లేదనము. అయినను చేత పట్టరాని దగుటవలన కళ ఎరువునకు తగనిదగునా? పారిసు తర్కము న్యాయశాస్త్రమున నిలిచిన నిలువవచ్చును. అది ఆటకే ఆగదు. చిత్రము, సంగీతము, కథ గల ప్రతి రచనయు కాగితమును వీడినంతనే ఈ గీత లోపల పడును.

మన దేశపు 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము 14వ విభాగమున, ఒకసారి అమ్మబడిన ప్రతిని ఇదివరకే ప్రచారమున నున్న ప్రతిగా నెంచవలెనని వివరణ గలదు. కంప్యూటరు ప్రోగ్రాముల విషయమున 1994 సవరణ, ఆ ప్రతి ఇంతకు ముందు అమ్ముడు పోయినను పోకున్నను, అమ్మకము అద్దె రెండును హక్కుదారునివే యన్నట్లు వ్రాసినది. 1999 సవరణ ఆ పోయినను పోకున్నను అను భాగమును తీసివేసినది. గుమాస్తా కంటికి ఇది చిన్న సంగతి గాదు. తిరిగి అమ్ముకొనువానిపై పడిన ముడి దీనితో వదులైనదని మేము గ్రహించుచున్నాము. 2012 సవరణ మరియొక మేలు చేసినది. లాభాపేక్ష లేని గ్రంథాలయములును, విద్యాసంస్థలును, న్యాయముగా సంపాదించిన ప్రోగ్రామును లాభము కోరక ఎరువిచ్చుట వ్యాపారపు అద్దె గాదని స్పష్టపరచినది. చట్టము ఎరువునకు తలుపు తెరచియే యుంచినది. కాని తలుపు తెరచి ఏమి లాభము? ఇచ్చుటకు చేతిలో ప్రతి యుండవలెను గదా.

ఆట చేసినవారి వాదమును గూడ వినవలెను. ఒక పెద్ద ఆట వెనుక వందలకొలది మనుష్యుల యేండ్ల శ్రమ యుండును. పాత ప్రతి అమ్మిన దుకాణమునకు లాభము వచ్చును గాని, చేసినవారికి దమ్మిడీ రాదు. పుస్తకము చేతులు మారిన కొలది నలుగును, చిరుగును. డిస్కు గీతలు పడనంతవరకు పదవవానికిని క్రొత్తదే. ఇవి తేలికగా త్రోసివేయదగిన మాటలు గావు. 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ, పాత ప్రతి కొన్నవారు ఇతరులతో ఇంటర్నెట్టుపై ఆడవలెనన్నచో పది డాలర్లు వేరుగా చెల్లింపవలెనని కట్టడి చేసినది. నిత్యము సర్వరు నడుపు ఖర్చునకు పాతవానివద్ద కొంత పుచ్చుకొనుట మా దృష్టిలో అంత తప్పు గాదు. అయినను కొన్నవారికది రుచింపక, 2013లో వారే విరమించుకొనిరి. మరొక సంగతి. పాత ఆట అమ్మిన సొమ్ము సాధారణముగా క్రొత్త ఆటకే పోవును. ఎరువు ఆటతో మరగినవాడే పెరిగి పెద్దయై కొనువాడగును. ఎరువు వలన నష్టము లెక్కించువారు ఎరువు వలన పుట్టిన గిరాకిని లెక్కలో వ్రాయరు.

ఇటీవల కంపెనీలే ఎరువునకు క్రొత్త పద్ధతులు కల్పించుచున్నవి. నింటెండో కంపెనీ 2025లో, దింపుకొన్న ఆటను కుటుంబములోనివారికి 14 దినములు ఎరువిచ్చు ఏర్పాటు చేసినది. గడువు తీరిన వెంటనే ఆట దానంతట అదే యజమాని వద్దకు మరలి వచ్చును. స్టీము దుకాణము 2024 నుండి ఆరుగురు వరకు గల కుటుంబమునకు ఆటలు పంచుకొను సౌకర్యమిచ్చినది. పరహస్తమునకు పోయిన పుస్తకము తిరిగి రాదని వగచువారు ఈ పదునాలుగు దినముల యంత్రమును చూచి అసూయపడుదురు. సాంకేతికముగా ఎరువసాధ్యమను మాట దీనితో అబద్ధమైనది. ఒకే ప్రతి ఒకే సమయమున ఒకని వద్దనే యుండునట్లు చేయుట కంపెనీలకు తెలియును. అయినను ఇది వారు దయచేసిన వసతి గాని మన హక్కు గాదు. కుటుంబమెవరో వారు నిర్వచింతురు. గడువు వారు నిర్ణయింతురు. రేపు మార్చినచో అడుగువారు లేరు. పొరుగువాడందు చేరడు.

కాలిఫోర్నియా రాష్ట్రమున 2025 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన చట్టమొకటి మాకు నచ్చినది. ఇట్టి వస్తువులను అమ్మువారు, ఇది లైసెన్సు మాత్రమేయని స్పష్టముగా తెలుపనిచో, కొనుము అను మాటను వాడరాదని దాని సారము. ఎరువు హక్కును అది తిరిగి ఈయలేదు. మాటను మాత్రము శుద్ధి చేసినది. అద్దెను అద్దె యనుట న్యాయమునకు మొదటి మెట్టు. అద్దెయని తెలిసినవాడు అద్దెకు తగిన వెలయే ఇచ్చును. యుబిసాఫ్ట్ కంపెనీ 2024 మార్చి 31న ది క్రూ అను ఆట సర్వరును మూసివేయగా, డిస్కు కొన్నవారికి గూడ ఆట లేకపోయినది. వారు కొన్నదేమని అప్పుడు ప్రశ్న పుట్టినది. అమ్మిన నాడే పుట్టవలసిన ప్రశ్న యది.

పుస్తకమునకును ఇది వచ్చునని మొదట వ్రాసితిమి. 2009 జూలైలో అమెజాన్ కంపెనీ, హక్కులు లేనివారు అమ్మిరను కారణమున, కిండిల్ యంత్రములందలి ఆర్వెల్ నవలల ప్రతులను కొన్నవారి యంత్రములనుండి తానే చెరిపివేసి, సొమ్ము వాపసిచ్చినది. తరువాత క్షమాపణ చెప్పుకొన్నది. సొమ్ము ముట్టినది, నిజమే. కాని అచ్చు పుస్తకమునకై ఏ దుకాణదారుడును రాత్రివేళ మన బీరువా తెరువజాలడు. 2019 డిసెంబరు 19న ఐరోపా న్యాయస్థానము, ప్రోగ్రామునకు చెప్పిన న్యాయము ఎలక్ట్రానిక్ పుస్తకమునకు చెల్లదనియు, దాని పాత ప్రతిని అమ్మరాదనియు తీర్పు చెప్పినది. ఆటకును పుస్తకమునకును దారి ఒకటే యగుచున్నదని దీనివలన తెలియుచున్నది.

మనవారి గ్రంథాలయోద్యమము ఎరువు పునాదిమీద లేచినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయమును స్థాపించినవారును, 1914లో బెజవాడలో గ్రంథాలయములను ఒక సంఘముగా కూర్చినవారును, ప్రచురణకర్తల సెలవు కోరలేదు. కాలువలపై పడవలలో పుస్తకములు త్రిప్పినవారును కోరలేదు. కొన్న ప్రతి తమది. తమది గనుక నలుగురికి ఇచ్చిరి. ఆంధ్రదేశమునకు దూరముగా నున్న మన బోటి సంఘములు నాలుగు బీరువాలతో చదువుగదులు పెట్టినదియు ఆ న్యాయముననే. ఆ బీరువాలలోని పుస్తకములు కొన్ని ఊరినుండి పెట్టెలలో వచ్చినవి, కొన్ని చనిపోయినవారి యిండ్లనుండి వచ్చినవి. ఖాతాకు అంటుకొనిన పుస్తకము చనిపోయినవాని యింటినుండి మన బీరువాకు రాజాలదు.

కావున మేము కోరునవి స్వల్పములు. అద్దెకిచ్చినచో అద్దె యనుడు. అమ్మితిమనినచో, కొన్నవాడు తన ప్రతిని వదలుకొని మరొకరికి ఇయ్యగల ఏర్పాటు నుంచుడు. అది అసాధ్యము గాదని మీరే చూపితిరి. ధర్మ గ్రంథాలయములకు చట్టమిచ్చిన వెసులుబాటు కాగితముమీదనే నిలిచిపోకుండ, వానికి ఎరువీయదగు ప్రతుల నమ్ముడు. తల్లిదండ్రులకును మేము చెప్పదలచినదొకటి కలదు. పిల్లవానికి ఆట కొనునపుడు, పుస్తకము కొనునపుడు, ఇది స్నేహితునికి ఈయవచ్చునా యని దుకాణమున ఒక మాట యడుగుడు. అడుగువారు పెరిగిన కొలది అమ్మువారు జవాబు సిద్ధపరచుకొందురు.

మా సంఘపు చదువుగదిలో ఎరువు పుస్తకముల చిట్టా యొకటి కలదు. తీసికొన్న తేదీ, తెచ్చియిచ్చిన తేదీ, సంతకము అని మూడు గడులు. కొన్ని వరుసలలో మూడవ గడి ఖాళీ. ఆ పుస్తకములు తిరిగి రాలేదు. ఏటేట లెక్క సరిచూచునపుడు వానిని నష్టమున వ్రాయక, ఇంకను బయట నున్నవని వ్రాయుట మా వాడుక.